కూల్చక ముందు ఫ్లోరెన్స్: సిన్యోరీని గీసిన గెట్టో వీధి, పాత బజారు

రంగులపెట్టె:
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతూ పోవడమే తప్ప ఏమీ రాయలేదు, ఈసారి రాయకుండా ఉండలేకపోతున్నాను. మా అమ్మాయి జర్మనీలో ఉంటుంది, దాని దగ్గరికి వెళ్లినప్పుడు నాలుగు రోజులు రోమ్ చూసొచ్చాం. అందరూ చూసేవన్నీ చూశాక చివరి రోజు మధ్యాహ్నం బోర్గేసే తోట పక్కనున్న జాతీయ ఆధునిక కళల గ్యాలరీకి తీసుకెళ్లింది. కాళ్లు లాగేస్తున్నాయి, ఎక్కడ కూర్చుందామా అని చూస్తుంటే ఒక పటం ముందు ఆగిపోయాను. తెలెమాకో సిన్యోరీని అనే ఆయన 1882లో వేసిన ‘ఫ్లోరెన్స్ గెట్టో’. గెట్టో అంటే ఒకప్పుడు యూదులను విడిగా ఉంచిన పేట.

పెద్ద పటమేం కాదు. ఎత్తు మీటరు కూడా ఉండదు. ఇరుకు సందు, రెండు వైపులా పాత ఇళ్ల గోడలు అలా పైకి పోతూనే ఉంటాయి, పైన ఎక్కడో కాస్త ఆకాశం. కింద జనం. ఎవరూ గొప్ప పనేమీ చేయడం లేదు, నిలబడ్డారు, మాట్లాడుకుంటున్నారు, అంతే. గోడలన్నీ బూడిద, మట్టి రంగులు. నాకెందుకో ఆ సందులోని తేమ వాసన కూడా తెలిసినట్టనిపించింది. పావుగంట నిలబడిపోయాను, మా అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుని లాగింది.

పక్కన రాసిన చీటీలో అర్థమైంది ఏమిటంటే, ఈయన పటం వేసిన కొద్ది ఏళ్లకే ఆ వీధి, దాని పక్కనున్న పాత మార్కెట్ మొత్తం కూల్చేశారట. అప్పటినుంచి మనసు అక్కడే ఉంది. ఎందుకు కూల్చారు? ఆ జనమంతా ఏమయ్యారు? ఈ చిత్రకారుడి గురించి తెలిసినవాళ్లుంటే చెప్పండి. ఇటలీ అంటే నాకు చిన్నప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో చూసిన ముసుగు రెబెకా విగ్రహమే. అంత తెల్లటి పాలరాయి చేసిన దేశంలోనే, అదే కాలంలో, ఇంత మసక సందు గీసినవాడు కూడా ఉన్నాడని ఇన్నాళ్లూ తెలియదు.

కొత్తపెన్సిల్:
ఆంటీ, ఆ పటం ఇప్పుడే ఫోన్‌లో వెతికి చూశాను. నిజంగా చాలా బాగుంది. కానీ నాకొక డౌట్. జనం రద్దీగా ఉన్న వీధి, ఇటాలియన్ చిత్రకారుడు అంటే మా కాలేజీలో చూపించింది దె నిత్తిస్ వేసిన పారిస్ పటం. అందులో తడిసిన రోడ్డు, బండ్లు, కట్టెల పరంజా. ఇద్దరూ ఒకే గుంపువాళ్లా?

తెనాలి డ్రాయింగ్ మాస్టారు:
రంగులపెట్టె గారూ, మీరు మొదటిసారి రాసిన పోస్టే ఇంత బాగుంటే ఇన్నాళ్లు ఎందుకు దాచుకున్నారమ్మా. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు తెలిసినంత రాస్తాను.

సిన్యోరీని ఫ్లోరెన్స్‌లోనే 1835లో పుట్టాడు, అక్కడే 1901లో పోయాడు. తండ్రి జొవాన్నీ కూడా చిత్రకారుడే, టస్కనీ పాలకుడైన గ్రాండ్ డ్యూక్ కొలువులో ఊరి దృశ్యాలు వేసేవాడు. కొడుకు ఆ కొలువు దారి పట్టలేదు. 1855 నుంచే మైకెలాంజిలో పేరున్న ఒక కాఫీ హోటల్లో కూడే కుర్ర చిత్రకారులతో కలిశాడు, 1859లో ఇటలీ స్వాతంత్ర్య యుద్ధానికి వాలంటీరుగా పోయొచ్చాడు. ఆ గుంపుకే మక్కియాయోలీ అని పేరు. ‘మక్కియా’ అంటే మచ్చ, మరక. 1862లో ఒక పత్రిక వెక్కిరిస్తూ పెట్టిన పేరు అది, వీళ్లు దాన్నే ఉంచేసుకున్నారు. ఇటాలియన్‌లో ఆ మాటకి పొదలు, తుప్పలు అనే అర్థం కూడా ఉంది, తుప్పల్లో దాక్కునే బందిపోటు అన్న ధ్వని కూడా వస్తుంది.

వీళ్ల పద్ధతి ఏమిటంటే, అకాడమీలో నేర్పినట్టు ముందు గీతలన్నీ గీసి, కండరాలన్నీ తేల్చి, మెరుగు పెట్టడం కాదు. ఆరుబయటికి పోయి వెలుగు ఎక్కడ పడింది, నీడ ఎక్కడ పడింది అని చూసి ఆ రెంటినీ పక్కపక్కన రంగు ముద్దలుగా పెట్టేయడం. చాలాసార్లు చిన్న చెక్క పలక మీద. పారిస్‌లో ఇలాగే వెలుగుని పట్టి పేరు తెచ్చుకున్న ఇంప్రెషనిస్టులనే చిత్రకారుల గుంపు మొదటి ప్రదర్శన 1874లో, వీళ్లు అంతకు పదిపన్నెండేళ్ల ముందే ఈ పని మొదలుపెట్టారు. ఈ సంగతి మన పుస్తకాల్లో ఉండదు, అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

బాబూ కొత్తపెన్సిల్, దె నిత్తిస్ వేరే. ఆయనది దక్షిణాన బార్లెత్తా. నేపుల్స్‌లో కళాశాల నుంచి పంపించేస్తే సొంతంగా నేర్చుకుని పారిస్ చేరాడు. ఆ 1874 ప్రదర్శనకి ఫ్రెంచ్ చిత్రకారుడు దెగా పిలిస్తే వెళ్లాడు కూడా. సిన్యోరీనికీ ఆయనకీ స్నేహం ఉంది. నువ్వు చెప్పే పటం పారిస్‌లోని పిరమిడ్ల కూడలి, 1875ది. అందులో పరంజా ఎందుకో చూడు. 1871 తిరుగుబాటులో త్వీలెరీ రాజభవనం తగలబడింది, ఆ భవనపు చివరి కట్టడాన్ని మళ్లీ లేపుతున్నారు. ఆయన లేస్తున్న ఊరిని గీశాడు. మన సిన్యోరీని పడిపోబోయే ఊరిని గీశాడు. ఇద్దరి రంగులూ పక్కపక్కన పెట్టి చూడు, ఆయన బూడిదరంగులో కూడా గాలి ఆడుతుంటుంది, ఈయనది బరువుగా ఉంటుంది.

అర్నో ఒడ్డున:
ఈ థ్రెడ్ చూసి చాలా సంతోషమేసింది. నేను ఫ్లోరెన్స్‌లోనే పీజీ చేస్తున్నాను, రెండో ఏడాది. రోజూ ఉదయం బస్సు దిగి నడిచే దారి సరిగ్గా ఆ కూల్చిన చోటు మీదుగానే. ఇప్పుడది పియాత్సా దెల్లా రిపబ్లికా. రిపబ్లిక్ చౌక్ అనుకోండి. పెద్ద ఖాళీ స్థలం, నాలుగు పక్కలా పెద్ద పెద్ద భవనాలు, ఖరీదైన కాఫీ హోటళ్లు, మధ్యలో పిల్లలు ఎక్కే రంగులరాట్నం. పడమటి వైపు ఒక పెద్ద తోరణం ఉంటుంది. దాని మీద చెక్కిన మాటలు మొదటి నెలలో అర్థం కాలేదు, ఇటాలియన్ వచ్చాక చదివాను: నగరపు ప్రాచీన కేంద్రం, శతాబ్దాల దైన్యం నుంచి కొత్త జీవితానికి తిరిగి ఇవ్వబడింది. 1895 నాటిది.

ఇక్కడివాళ్లు చాలామంది ఆ వాక్యం చూసి మొహం ముడుచుకుంటారు. ఎందుకంటే ఆ చోటు ఫ్లోరెన్స్ పుట్టిన చోటు. రోమన్ల కాలంలో ఊరి నడిబొడ్డు అదే, రెండు ముఖ్యమైన దారులు కలిసే కూడలి. మధ్యయుగంలో దాని మీదే పాత బజారు వెలిసింది, మెర్కాతో వెక్కియో అనేవారు. మాంసం, కూరలు, చేపలు, పాత బట్టలు అన్నీ అక్కడే. చుట్టూ చిన్న చర్చిలు, పాత కుటుంబాల గోపురాలు. ఊరిని ఏలిన మెదిచీ కుటుంబం పోషించిన సాన్ తొమ్మాసో చర్చి కూడా ఆ బజారులోనే ఉండేది, అదీ పోయింది. కూడలిలో ఒక స్తంభం, దాని మీద సమృద్ధి దేవత విగ్రహం. మొదట దొనాతెల్లో చేసిందట, అది 1721లో కిందపడి పగిలిపోతే ఇంకో శిల్పి ఇంకోటి చేశాడు. కూల్చివేతలో స్తంభాన్ని తీసేసి, 1956లో మళ్లీ తెచ్చి నిలబెట్టారు. ఇప్పుడు ఆ చౌక్‌లో పాత బజారుకి గుర్తుగా మిగిలింది ఆ స్తంభం ఒక్కటే, దాని కిందే ఫ్రెండ్స్‌కి ‘అక్కడ కలుద్దాం’ అని చెప్పుకుంటాం.

గెట్టో ఈ బజారు పక్కనే. 1571లో టస్కనీ గ్రాండ్ డ్యూక్ మొదటి కోసిమో యూదులందరినీ ఒక్కచోట పెట్టి, రాత్రి గేట్లు వేసేలా కట్టించాడు. బయటికి పెరగడానికి వీల్లేదు కాబట్టి ఇళ్లు అంతస్తు మీద అంతస్తు పైకి పెరిగాయి. రంగులపెట్టె అక్కా, మీకు ఆ గోడలు పైకి పోతూనే ఉన్నట్టు అనిపించింది అందుకే. సిన్యోరీని గీసే నాటికి గేట్లు పోయి చాలా కాలమైంది, స్తోమత ఉన్న యూదులు వేరే పేటలకు వెళ్లిపోయారు, అన్ని మతాల నిరుపేదలూ ఆ గదుల్లో సర్దుకున్నారు. ఆయన పటం వేసిన 1882లోనే ఊళ్లో ఇంకోవైపు యూదుల కొత్త ప్రార్థనాలయం తెరిచారు. ఆకుపచ్చ రాగి గుమ్మటం, మా హాస్టల్ మేడ మీద నుంచి కనిపిస్తుంది.

సిమెంటు చెయ్యి:
నేను కొంచెం వేరుగా మాట్లాడతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఇరవై ఏళ్లుగా మున్సిపల్ పనులు చేసే సివిల్ ఇంజినీర్ని. పటం అందంగా ఉందని అందరం అంటున్నాం, ఆ సందులో మనం ఉండగలమా? వెలుతురు రాదు, గాలి రాదు, మురుగు పోయే దారి లేదు, ఒక గదిలో ఏడెనిమిది మంది. 1884లో నేపుల్స్‌లో కలరా వచ్చి వేలమంది చచ్చిపోయారు. ఆ దెబ్బకే 1885 జనవరిలో ఇటలీ ప్రభుత్వం ఇళ్లు స్వాధీనం చేసుకుని మురికివాడలు తీసేయడానికి చట్టం తెచ్చింది. ఫ్లోరెన్స్ వాళ్లు కూడా అదే ఊపులో అదే ఏడాది తమ ప్లాన్ ఓకే చేసుకున్నారు. అంతకు ముందే 1884లో జార్రో అనే కలం పేరుతో ఒక విలేఖరి ఆ కొంపల్లోకి దిగి లోపలి బతుకులు రాశాడు, ఊరంతా గగ్గోలు. అప్పుడు ఏమీ చేయకపోతే తప్పు కాదా? చిన్నప్పుడు మా ఊళ్లో అతిసారం వచ్చి మా బాబాయి కొడుకు పోయాడు, తాగునీటి పైపూ మురుగు కాలువా పక్కపక్కనే పోయేవి. అలాంటి సందులంటే నాకు కవిత్వం రాదు, భయమే వస్తుంది.

చార్మినార్ గల్లీ:
> అలాంటి సందులంటే నాకు కవిత్వం రాదు, భయమే వస్తుంది.

సార్, మీ బాధ అర్థమైంది, నిజమే. కానీ ఒకటి అడుగుతాను. శుభ్రం చేయడానికీ కూల్చడానికీ మధ్య ఏమీ లేదా? రోడ్డు వెడల్పులో మా నాన్న దుకాణం ముందు భాగం పోయింది. నాన్నకి పరిహారం చెక్కు వచ్చింది, కాదనను. కానీ పక్క దుకాణం మెట్ల మీద ముప్పై ఏళ్లు కూర్చుని తాళాలు బాగుచేసిన ముసలాయన ఉండేవాడు, ఆయన పేరు మీద ఏ కాగితమూ లేదు కాబట్టి ఆయనకి ఏమీ రాలేదు. ఆ తర్వాత ఎటు పోయాడో ఎవరికీ తెలీదు. రంగులపెట్టె గారు అడిగిన ప్రశ్న అదే కదా, ఆ జనం ఏమయ్యారు అని. ఆ పటంలో నిలబడ్డవాళ్లకి ఎవరైనా ఇల్లు చూపించారా?

అర్నో ఒడ్డున:
అన్నా, మీ ప్రశ్నకి జవాబు ఉంది, బాగుండదు. ఆ కూల్చివేతలో దాదాపు 5,800 మందిని ఖాళీ చేయించారు. అంతకు ముందు నుంచి కొత్త ఇళ్లు కడతామన్న మాటలు చాలా నడిచాయి. కానీ ఆ చౌక్ చుట్టూ లేచినవి బ్యాంకులు, హోటళ్లు, డబ్బున్నవాళ్ల అపార్ట్‌మెంట్లు. ఈ జనం ఊళ్లోని మిగతా పేద పేటల్లోకి, అప్పటికే కిక్కిరిసిన ఇళ్లలోకి పోయి ఇరుక్కున్నారు. శ్రీమంతులకి దైన్యం కనిపించకుండా పోయిందే తప్ప దైన్యం పోలేదు.

సిమెంటు చెయ్యి సార్, మీరన్నది కొట్టిపారేయడం లేదు. లోపల బతుకు ఘోరంగానే ఉండేది. కానీ డబ్బు సంగతి కూడా చూడాలి. 1865 నుంచి 1871 దాకా ఫ్లోరెన్స్ ఇటలీకి రాజధాని. ఆ మోజులో జుసేప్పే పోజ్జీ అనే ఇంజినీరు ప్లాన్ ప్రకారం ఊరి మధ్యయుగపు కోట గోడలు చాలా వరకు పడగొట్టి వెడల్పాటి రోడ్లు వేశారు, అప్పులు చేశారు. రాజధాని రోమ్‌కి పోయింది, అప్పులు మిగిలాయి, 1878లో కార్పొరేషన్ దివాలా తీసింది. అంటే రోగాల భయంతో పాటు ఊరి నడిబొడ్డు స్థలం విలువ కూడా ఈ కథలో ఉంది.

ఇంకొకటి. కూల్చడానికి ముందు ఖాళీ చేయించిన గెట్టోలో 1886 కార్నివాల్‌కి ఏం చేశారో తెలుసా? ఆ గోడల మీద రంగుల అట్టలు, గుడ్డలు కట్టి ‘బాగ్దాద్ నగరం’ అని అలంకరించి తిరునాళ్లు చేశారు. కొద్ది రోజుల ముందు దాకా మనుషులు బతికిన గదులు. ఇది మొదటిసారి చదివినప్పుడు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

రంగులపెట్టె:
చదువుతుంటే గుండె బరువెక్కింది. చార్మినార్ గల్లీ గారూ, మీ తాళాల తాతగారి మాట నన్ను వదలడం లేదు. సిమెంటు చెయ్యి గారూ, మీ బాబాయి గారి అబ్బాయి గురించి చదివి చాలా బాధేసింది. ఈ పటం ముందు నేను నిలబడ్డప్పుడు నాకు అందంగానూ అనిపించింది, ఊపిరాడనట్టుగానూ అనిపించింది. మీ ఇద్దరిదీ చదివాక అర్థమైంది, ఆయన ఆ రెండూ దాచకుండా పెట్టాడని.

మాస్టారూ, ఒక్కటి చెప్పండి. ఆయన దీన్ని జాలితో వేశాడా, కూల్చొద్దని వేశాడా?

తెనాలి డ్రాయింగ్ మాస్టారు:
అమ్మా, ఆయన మనసులో దూరి చెప్పలేను, వేసిన పటాలు చూసి చెప్పగలను. ముప్పై ఏళ్లు నిండేసరికే ఈయన ఏం వేశాడో చూడండి. ‘లాల్జాయా’ అని 1864లో ఒకటి, నదిలో పడవని తాళ్లు కట్టుకుని గట్టు మీద నడుస్తూ లాగే ఐదుగురు కూలీలు. పటం పొడవు దాదాపు ఐదున్నర అడుగులు, ఎత్తు రెండడుగులు లేదు, ఆ పొడుగు ఆకారమే తాడు బిగువు చెబుతుంది. వెనక దూరంగా మంచి బట్టలేసుకున్న పెద్దమనిషి, చిన్నపిల్ల. 1865లో ఫ్లోరెన్స్ పిచ్చాసుపత్రిలో ఆడవాళ్ల గది వేశాడు, దెగాకి ఆ పటమంటే చాలా ఇష్టం. తర్వాత 1890ల్లో ఎల్బా ద్వీపంలోని జైల్లో సంకెళ్లేసిన ఖైదీలు. కాబట్టి గెట్టో ఒక్కటే కాదు, ఊరు చూడడానికి ఇష్టపడని చోట్లకి పోయి నిలబడడం ఈయన జీవితమంతా చేసిన పని.

కూల్చివేత సమయంలో ఒక కథ చెప్పుకుంటారు. పాత బజారు గోడలు పడుతుంటే ఈయన కళ్లలో నీళ్లు పెట్టుకుని చూస్తున్నాడట. పక్కన ఎవరో ‘ఈ చెత్త పోతుంటే ఏడుస్తున్నారా’ అన్నారట. ‘లేదు, దీని స్థానంలో లేవబోయే చెత్త తలుచుకుని’ అన్నాడట. అది నిజంగా అన్నాడో లేదో గానీ, ఊరు ఆయన్ని అలా గుర్తుపెట్టుకుంది.

కొత్తపెన్సిల్:
మాస్టారూ, నాకు పనికొచ్చే ప్రశ్న అడగనా. జనాన్ని ఎలా వేశాడు? నేను రైతుబజార్లో కూర్చుని స్కెచ్ వేద్దామని మూడు ఆదివారాలు ప్రయత్నించాను. ఒక్కో మనిషినీ వేసేలోపు కదిలిపోతున్నారు, ఇంటికొచ్చి చూస్తే బొమ్మలన్నీ గాల్లో తేలుతున్నట్టున్నాయి. టెన్షన్ వచ్చి ఆపేశాను.

తెనాలి డ్రాయింగ్ మాస్టారు:
ఆపకు నాయనా. నువ్వు చేస్తున్న తప్పు ముప్పై రెండేళ్లు పిల్లల దగ్గర చూశాను, నేనూ చేశాను. మనిషిని వేయడం మొదలుపెడుతున్నావు, ముందు నేలని వెయ్యాలి.

సిన్యోరీని పాత బజారు పటం తీసుకో, 1882-83లో వేసింది, ఒకటిన్నర అడుగు ఎత్తు కూడా లేని చిన్న పటం. దాన్ని కళ్లు చికిలించి చూడు, వివరాలు పోవాలి. ఏం మిగిలింది? పైన దుకాణాల మీద కట్టిన గుడ్డల లేత రంగు, కింద నేల ఇంకో లేత రంగు, మధ్యలో ఒక ముదురు పట్టీ. ఆ ముదురు పట్టీయే జనం. ఆయన ముందు జనాన్ని ఒకే మచ్చగా చూశాడు. ఆ మచ్చలో నుంచి అక్కడక్కడ ఒక తలగుడ్డ, ఒక బుట్ట, ఒక భుజం పైకి తీశాడు. మిగతావాళ్లకి ముఖాలు లేవు, అవసరం లేదు, మన కన్నే పూరించుకుంటుంది. అదే మక్కియా పద్ధతి. ఈ నాటికి ఆయన చేతిలో గీత కూడా బాగా వాడిగా ఉంది, ఇళ్ల అంచులు, కిటికీ చువ్వలు పెన్సిల్‌తో కోసినట్టుంటాయి. మచ్చ జనానికి, గీత గోడలకి.

ఇంకో సంగతి, కంటి ఎత్తు. ఆయన మేడ మీద నుంచి చూడలేదు, వీధిలో నిలబడి చూశాడు. అంటే మన కంటి గీత, ఆ జనం తలలు అన్నీ దాదాపు ఒకే వరుసలో ఉంటాయి. దగ్గరివాడి తలా దూరపువాడి తలా ఒకే మట్టంలో, కాళ్లు మాత్రం దూరం పోయేకొద్దీ పైకి. ఈ ఒక్కటి పట్టుకుంటే నీ బొమ్మలు గాల్లో తేలవు. వచ్చే ఆదివారం బజారుకి పోయి మొదటి పావుగంట మనుషుల్ని వెయ్యకు. టార్పాలిన్లు, వాటి నీడలు, నేల మీద వెలుగు చార, ఇవి వెయ్యి. తర్వాత కంటి గీత గీసి, దాని మీద తలలు గుచ్చుకుంటూ పో.

సిమెంటు చెయ్యి:
మాస్టారు చెప్పిన కంటి ఎత్తు మాట చదివి ఆ పటాలు మళ్లీ చూశాను. మా ఆఫీసులో మేం చూసేది పైనుంచి, ప్లాన్ షీటు మీద. అందులో జనం ఉండరు, సర్వే నంబర్లు ఉంటాయి. చార్మినార్ గల్లీ గారు చెప్పిన తాళాల ఆయన లాంటివాళ్లు మా లిస్టులో ఉండరన్నది నిజం, నేను చేసిన పనుల్లో కూడా అలా వదిలేసినవాళ్లు ఉండే ఉంటారు.

మురుగు కాలువలు, వెలుతురు కావాల్సిందే అన్న మాట మీద మాత్రం నిలబడతాను. ఒక ఉదాహరణ, సాన్ లొరెన్జో దగ్గర అదే ఫ్లోరెన్స్‌లో 1874లో ఇనుము, అద్దాలతో పెద్ద కొత్త మార్కెట్ కట్టారు. డిజైన్ జుసేప్పే మెంగోనీది, మిలాన్‌లో ఆ పెద్ద అద్దాల గ్యాలరీ కట్టిన ఆయనే. నీళ్లు, గాలి, కడగడానికి వీలైన నేల. పాత బజారు వ్యాపారాలు అందులోకే మారాయి. మాంసం, చేపలు అమ్మే చోటికి అది కావాలి కదా. దాన్ని కూడా తప్పు అనలేం.

చార్మినార్ గల్లీ:
దాన్ని ఎవరూ తప్పు అనడం లేదు సార్. మీరు అంత ఒప్పుకున్నందుకు మీకు థాంక్స్, మీ రంగంలో ఉన్నవాళ్లు ఇలా అనడం నేను మొదటిసారి వింటున్నాను. నా బాధ ఒక్కటే. మార్కెట్ మార్చడం వేరు, ఊరి నడిబొడ్డు నేలమట్టం చేయడం వేరు. కొన్ని ఇళ్లు తీసేసి గాలి ఆడేలా చేసి మిగతావి బాగుచేయొచ్చు. అర్నో ఒడ్డున గారూ, అప్పుడు ఎవరూ అడ్డుపడలేదా?

అర్నో ఒడ్డున:
పడ్డారు, కానీ ఆలస్యంగా. పాత బజారు కూలుతున్నప్పుడు గొంతులు తక్కువ. కొందరు కనీసం నమోదు చేశారు, కొరీంతో కొరీంతీ అనే వాస్తుశిల్పి పోతున్న కట్టడాల కొలతలు తీసి బొమ్మలు గీసి పెట్టాడు. చెక్కిన రాళ్లు, ద్వారబంధాలు, గుర్తింపు ఫలకాలు చాలా సాన్ మార్కో మఠం మ్యూజియంలో ఉన్నాయి. అది బాగా నిశ్శబ్దంగా ఉంటుంది, జనమంతా ఫ్రా ఆంజెలికో చిత్రాలకే వెళ్తారు. తవ్వకాల్లో రోమన్ స్నానశాలలు, గుడి పునాదులు బయటపడ్డాయి, వాటినీ రికార్డు చేశాక మూసేశారు.

చౌక్ పూర్తయ్యాక జనానికి ఏం పోయిందో తెలిసొచ్చింది. కూల్చివేత అర్నో నది వైపు, పాత వంతెన వైపు సాగబోతుందనేసరికి 1898లో పాత ఫ్లోరెన్స్‌ని కాపాడే సంఘం పెట్టారు. అక్కడే ఉండే ఇంగ్లిష్ రచయిత్రి వెర్నన్ లీ లండన్ టైమ్స్‌కి లేఖ రాసింది, విదేశాల నుంచి సంతకాలు వచ్చాయి. ఆ తర్వాతి ముక్క ఆగింది. ఇప్పుడు టూరిస్టులు తిరిగే ఆ ఇరుకు సందులు కొన్ని మిగిలాయంటే అందుకే.

అన్నట్టు మాస్టారూ, ఈ పటాలు ఎవరు కొన్నారో కూడా చెప్పాలి. సిన్యోరీని 1880ల్లో లండన్, స్కాట్లండ్ వెళ్లొచ్చేవాడు, ఇంగ్లిష్‌వాళ్లు ఆయన పాత బజారు దృశ్యాలు ఇష్టంగా కొనేవారు. ఎడిన్‌బరో పక్కన లీత్ రేవులో 1881లో వేసిన వీధి పటం ఒకటి ఉంది, గోడ మీద పెద్ద అక్షరాలతో విస్కీ ప్రకటన. గెట్టోకి ఒక్క ఏడాది ముందు వేసింది. రెండూ పక్కపక్కన చూస్తే ఒకే మనిషి నిలబడ్డ రెండు వీధులు అనిపిస్తుంది.

రంగులపెట్టె:
లీత్ పటం ఇప్పుడే చూశాను. ఆ విస్కీ బోర్డు రంగు ఎంత గట్టిగా ఉందో! సినిమా పోస్టర్లు అతికించిన మా వీధి మూల గోడ గుర్తొచ్చింది. బాబూ, ఒక సాయం చేస్తావా? పాత బజారులో నుంచి ఇంకేదైనా మిగిలిందా, చేత్తో ముట్టుకునేది? నీకు దారిలోనే అయితే వెళ్లి చూసి రాయి నాన్నా.

అర్నో ఒడ్డున:
అక్కా, ఈరోజు క్లాసులు మధ్యాహ్నంతో అయిపోయాయి, వెళ్లొచ్చాను. చేపల మండపం మిగిలింది, లోజ్జా దెల్ పెషె అంటారు. వసారీ అనే వాస్తుశిల్పి డిజైన్ చేసింది. ఆయనే డ్యూక్ కోసిమో కోసం పాత వంతెన మీదుగా మేడ దారి కట్టాడు, దానికోసం నది ఒడ్డున ఉన్న చేపలవాళ్లని లేపి, వాళ్లకి పాత బజారులో ఈ మండపం 1567లో మొదలుపెట్టి కట్టించారు. చేపలవాళ్లని లేపినప్పుడు వాళ్లకి ఇంకో చోటు చూపించారని చార్మినార్ గల్లీ అన్న కోసం రాస్తున్నాను. 1880ల్లో దాన్ని విప్పి రాళ్లు దాచారు, 1956లో సాంతా క్రోచె వైపు చోంపీ చౌక్‌లో మళ్లీ కూర్చారు.

పొడుగాటి కమాన్ల వరుస, పక్కలు తెరిచి ఉంటాయి. కమాన్ల మధ్య గుండ్రటి పలకలు, వాటి మీద చేపలు చెక్కి ఉన్నాయి. నేను వెళ్లేసరికి సన్నగా వాన. కింద ఇద్దరు ముసలివాళ్లు తడవకుండా నిలబడ్డారు, ఒకావిడ కూరల సంచి నేల మీద పెట్టి ఫోన్ మాట్లాడుతోంది. స్తంభం మీద చెయ్యి పెట్టాను. కింది భాగం నునుపుగా ఉంది, జనం ఆనుకుని ఆనుకుని. ఫొటోలు పెడుతున్నాను, చేపలవి దగ్గరగా తీసినవి కూడా.

కొత్తపెన్సిల్:
ఫొటో చూసి ఆగలేకపోయాను. ఆదివారం మాస్టారు చెప్పినట్టే చేశాను, ముందు టార్పాలిన్లు, నేల, తర్వాత కంటి గీత, దాని మీద తలలు. స్కాన్ చేసి పెట్టాను. కుడివైపు కొత్తిమీర అమ్మే అవ్వ నన్ను చూసి నవ్వింది, ఆమెకి మాత్రం ముఖం పెట్టాను. తప్పులుంటే చెప్పండి మాస్టారూ.

తెనాలి డ్రాయింగ్ మాస్టారు:
చూశాను నాయనా, రెండుసార్లు చూశాను. జనం నేల మీద నిలబడ్డారు. అవ్వకి ముఖం పెట్టి మంచి పని చేశావు. ఎడమవైపు టార్పాలిన్ నీడ మాత్రం దాని కిందున్న మనుషుల మీద పడలేదు, వాళ్ల భుజాలు ఎండలో ఉన్నట్టున్నాయి. ఆ భుజాల మీద ఒక్క పూత ముదురు రంగు వేసి, ఆరాక మళ్లీ పెట్టు. ఇంకో మాట, ఈసారి పెన్సిల్‌తో రబ్బరు తీసుకెళ్లకు.